ఏ రోజుకా పేజీ

విద్యాశాఖ ప్రత్యేకాధికారిగా జిల్లాకు వచ్చిన మొదటి వారంలోనే విశ్వంభరం గారి మనసు గాయపడింది. ఒకే ఉదయం ఆయన మూడు హైస్కూళ్ళు తనిఖీ చేశారు. మూడింటిలోనూ తొమ్మిదో తరగతికి జీవశాస్త్రం పాఠమే నడుస్తోంది. మొదటి బళ్ళో పిల్లలు ఎనభయ్యో పేజీలో ఉన్నారు. రెండో బళ్ళో తొంభై రెండులో ఉన్నారు. మూడో బళ్ళో ఏ పేజీలోనూ లేరు. మాస్టారు పిల్లల్ని బయటికి తోలుకుపోయి, గడ్డి మొక్కలు వేళ్ళతో సహా పీకించి చూపిస్తున్నాడు. విశ్వంభరం గారు కారెక్కి కాసేపు కళ్ళు మూసుకున్నారట. తర్వాత, "ఒకే ప్రభుత్వం, ఒకే పుస్తకం, మూడు పేజీలు! దీన్ని బోధన అనరు, అరాచకం అంటారు" అని డ్రైవరుతో అన్నారట. డ్రైవరు ఔనన్నాడు. ఆయన ముందు అందరూ ఔననేవాళ్ళే కాబట్టి ఆ అభిప్రాయం అక్కడితో సిద్ధాంతం అయిపోయింది.

వేసవి సెలవులంతా ఆయన ఆలోచించారు. జూన్‌లో బడులు తెరిచిన రోజే ఉత్తర్వు వచ్చింది.

తుమ్మలగుంటపాడు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆ ఉత్తర్వును హెడ్మాస్టరు వేమయ్య గారు స్టాఫ్ రూములో నిలబడి చదివారు. ఆయనకు పై నుంచి ఏ కాగితం వచ్చినా నిలబడి చదివే అలవాటు.

"ఇందుమూలముగా సమస్త ప్రధానోపాధ్యాయులకు తెలియజేయునది ఏమనగా, ఈ విద్యాసంవత్సరము నుండి జిల్లాలో పుట సమైక్యతా విధానము అమలులోనికి వచ్చుచున్నది. మొదటి పనిదినమున మొదటి పుట, రెండవ పనిదినమున రెండవ పుట, ఇట్లు ఏ దినమునకు ఆ పుట, అన్ని తరగతులయందును, అన్ని విషయములయందును బోధింపబడవలెను. పుటకు వెనుకబడుట అలసత్వము. పుటకు ముందుపడుట అవిధేయత."

జీవశాస్త్రం చెప్పే వకుళాదేవి టీచరు తప్పుగా విన్నానేమో అనుకుంది. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆమె చాలా ఉత్తర్వులు చూసింది. పాటలతో చెప్పమన్నారు, చెప్పింది. బొమ్మలతో చెప్పమన్నారు, చెప్పింది. ఒక ఏడాది అసలు చెప్పనే వద్దు, పిల్లలే వాళ్ళంతట వాళ్ళు తెలుసుకుంటారు అన్నారు. ఆ ఏడాది మాత్రం తలుపేసుకుని చెప్పింది.

"అన్ని సబ్జెక్టులకీ ఒకటే పేజీనా సార్? లెక్కల పుస్తకం మూడొందల పేజీలుంది. తెలుగు పుస్తకం నూట ముప్ఫయ్యే. ఎట్టా కుదురుద్ది?" అని అడిగింది.

"ఆ మాట నేనూ ఫోన్ చేసి అడిగా టీచరమ్మా" అన్నారు వేమయ్య గారు గొంతు తగ్గించి. "లెక్కల పుస్తకం లావుగా ఉండటం లెక్కల వాళ్ళ తప్పంట. తెలుగు పుస్తకం అయిపోయాక ఏం చెయ్యాలనేది పరిశీలనలో ఉందంట."

లెక్కల కోటిరెడ్డి మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి, చాలా ఏళ్ళ తర్వాత మొదటిసారి ఒక ప్రభుత్వ ఉత్తర్వును మెచ్చుకున్నాడు. "మంచి పద్ధతేనమ్మా. రోజుకో పేజీ. ఎక్కడా తడుముకునే పనుండదు" అన్నాడు. ఆయన అంతకుముందు నెలకో పేజీ చెప్పేవాడు.

ఇక అమలు మొదలైంది. పొద్దున్నే జిల్లా ఆఫీసు నుంచి వాట్సాప్ గ్రూపులో ఒక అంకె వచ్చేది. దాన్ని గేటు దగ్గర నల్లబల్ల మీద రాసేవాళ్ళు. పిల్లలు ఆ అంకె చూసుకుని లోపలికి వచ్చేవాళ్ళు.

మొదటి పేజీ రోజున ఏ పుస్తకం తెరిచినా ఒకటే విషయం ఉంది. ఉచిత పంపిణీ కొరకు అనే మాట, ముద్రించిన వారి చిరునామా, ఏ రకం కాగితం మీద అచ్చు వేశారు, ఆ కాగితం మందం ఎంత. వకుళాదేవి నలభై అయిదు నిమిషాలు ఆ పేజీ చెప్పింది. ఆమె తర్వాత వచ్చిన ఇంగ్లీషు టీచరూ అదే చెప్పింది. ఆ తర్వాత కోటిరెడ్డీ, సోషల్ మాస్టారూ, హిందీ టీచరూ అదే చెప్పారు. సాయంత్రానికి బడి మొత్తం కాగితం మందం అప్పజెప్పగలిగింది. ఆ రోజు తన జీవితంలో మరపురానిదని విశ్వంభరం గారు గ్రూపులో రాశారు. జిల్లా అంతటా, అన్ని విషయాల్లో, ఒకే పాఠం జరిగింది మరి. అటువంటిది ఏ దేశంలోనూ జరిగి ఉండదు. ఆ మాట మాత్రం నిజమే.

తర్వాత ముందుమాటలు వచ్చాయి, విషయసూచికలు వచ్చాయి. కొన్ని వారాలకు అసలు పాఠాలు మొదలయ్యాయి. అప్పుడు తెలిసింది పేజీ అనేది ఎంత కచ్చితమైన చోట తెగుతుందో. తెలుగు చెప్పే శఠగోపాచార్యులు గారికి ఒక శనివారం నాడు పద్యంలో వేటగాడు విల్లు ఎక్కుపెట్టాడు, పేజీ అయిపోయింది. ఆదివారం సెలవు. సోమ, మంగళవారాలు వాన సెలవులు. జింక నాలుగు రోజులు అట్లాగే తల తిప్పి నిలబడింది. సోషల్లో గోదావరి నాసిక్ దగ్గర పుట్టి, ఆ రోజుకి మహారాష్ట్రలోనే ఆగిపోయింది. లెక్కల్లో 'నిరూపించుము' అనే మాట ఒక పేజీ చివర ఉంది. నిరూపణ మర్నాటి పేజీలో ఉంది. మర్నాడు పిల్లలు అడిగితే, "నిరూపించాల్సింది ఏందో నిన్నటి పేజీలో ఉందిరా, ఇయ్యాల దాని జోలికి పోకూడదు" అని కోటిరెడ్డి నిరూపణ ఒక్కటే చదివి కూర్చున్నాడు. దేన్ని నిరూపించారో తెలియకుండానే క్లాసంతా ఒప్పుకుంది.

ఆగస్టు నెల మొదట్లో విశ్వంభరం గారు తుమ్మలగుంటపాడు వచ్చారు. తొమ్మిదో తరగతి గదిలోకి అడుగుపెట్టి, గోడ మీద ఆ రోజు అంకె ఉందని చూసి సంతోషించి, ముందు బెంచీలో ఉన్న పోలేశ్వరిని లేపారు. ఆ పిల్ల సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఏది దొరికితే అది చదువుతుంది. పకోడీ పొట్లం కట్టిన కాగితం కూడా వదలదు.

"మొక్కలకు ఆహారం ఎక్కడ తయారగును?"

"ఆకుల్లో సార్. పత్రహరితం వల్ల. వెలుతురు ఉంటేనే తయారవుద్ది సార్, రాత్రిపూట తయారవదు."

విశ్వంభరం గారు తల ఊపబోయి ఆగిపోయారు. పుస్తకం తీసి చూశారు. ఆకుల్లో అనే మాట ఆ రోజు పేజీలో ఉంది. వెలుతురు సంగతి మర్నాటి పేజీలో ఉంది.

"వెలుతురు విషయము నీకు ఎవరు చెప్పిరి?"

"ఎవురూ చెప్పలేదు సార్. పేజీ తిప్పితే ఉంది."

వేమయ్య గారు జేబులో రుమాలు వెతుక్కున్నారు. వకుళాదేవి, "చదివే పిల్ల సార్, ముందుకు కూడా చదువుకుంటది" అని గర్వంగానే చెప్పింది. చెప్పాక ఆయన మొహం చూసి, గర్వం తప్పయిందని గ్రహించింది.

ఆ వారమే 'భవిష్య పుటల భద్రత' అనే ఉత్తర్వు వచ్చింది. ఇంకా రాని పేజీలన్నింటినీ ప్రతి విద్యార్థి పుస్తకంలోనూ అంచుల వెంట స్టాప్లర్ పిన్నులతో బిగించాలి. రోజూ ఉదయం ప్రార్థన తర్వాత తరగతి ఉపాధ్యాయుడి సమక్షంలో ఆ రోజు పేజీని మాత్రమే విప్పాలి. మండలంలో స్టాప్లర్లు దొరక్క వేమయ్య గారు ఒంగోలుకు మనిషిని పంపించారు. పిన్నులు గుచ్చుకుని చేతులు రక్తాలైన పిల్లలకు అయోడిన్ రాయవచ్చా అని ఆరోగ్య కార్యకర్త అడిగితే, రాయవచ్చు కానీ అయోడిన్ గురించి వివరించకూడదు అన్నారు. అది రసాయనశాస్త్రంలో నూట పదో పేజీ.

వకుళాదేవికి వేరే దిగులు పట్టుకుంది. తొమ్మిదో తరగతి జీవశాస్త్రంలో పాముకాటుకు ప్రథమ చికిత్స తొంభై ఆరో పేజీలో ఉంది. లెక్క ప్రకారం అది కార్తీకంలో వస్తుంది. వానలు శ్రావణంలో పడతాయి. తుమ్మలగుంటపాడు బడి వెనక పొగాకు చేలూ, తుమ్మ కంపా, వంటషెడ్డుకు తెచ్చిన కట్టెల మోపులూ. వానకి బొరియల్లో నీళ్ళు నిండితే పాములు ఎక్కడికి పోతాయి? నాలుగేళ్ళ కిందట ఇదే బళ్ళో ఏడో తరగతి పిల్లవాడిని రక్తపింజరి కరిచింది. చుట్టూ ఉన్న పెద్దవాళ్ళు కాలికి తాడు బిగించి కట్టారు, బ్లేడుతో గాటు పెట్టారు, మంత్రం వేసేవాడి కోసం పక్క ఊరు మోసుకుపోయారు. ఆస్పత్రికి చేర్చేసరికి కాలు నల్లబడింది. పిల్లవాడు దక్కలేదు. అప్పటి నుంచి ఆమె ఏటా బడి తెరిచిన మొదటి పది రోజుల్లోనే ఆ పాఠం చెప్పేసేది, అది పుస్తకంలో ఎక్కడున్నా సరే.

ఆమె బస్సెక్కి జిల్లా ఆఫీసుకు వెళ్ళి విశ్వంభరం గారినే కలిసింది.

"సార్, ఆ ఒక్క పేజీ ముందు చెప్పనీండి. పాములు వానాకాలంలోనే వస్తాయి."

ఆయన చిరునవ్వు నవ్వారు. "చూడమ్మా, ఈ రోజు మీరు పాము అంటారు. రేపు ఇంకొకరు కుక్క అంటారు. ఆ తరువాత దోమ అంటారు. ఒక్కొక్క జంతువునకు ఒక్కొక్క పుటను జరుపుచూ పోయినచో విధానము మిగులునా?"

"పిల్లల ప్రాణం సార్."

"ప్రాణము ముఖ్యమే. కాదనుటలేదు. అందువలననే దానికి ఒక పుట కేటాయించబడినది. ఆ పుట వచ్చువరకు విద్యార్థులు పాములకు దూరముగా ఉండవలెనని ప్రత్యేక సూచన జారీ చేయించెదను."

జారీ చేయించారు కూడా. దాన్ని ప్రార్థనలో చదివి వినిపించారు. పాములకు మాత్రం ఎవరూ చదివి వినిపించలేదు.

ఆ శనివారం ఆఖరి పీరియడ్‌లో వకుళాదేవి తొమ్మిదో తరగతి తలుపు దగ్గరగా వేసింది. కిటికీలోంచి వరండా అటూ ఇటూ చూసుకుంది. దొంగతనం చేయడానికి పోయేవాళ్ళకు ఇట్లాగే ఉంటుందేమో అనుకుంది. పుస్తకాలు సంచుల్లో పెట్టించింది. పోలేశ్వరిని బల్ల మీద పడుకోబెట్టి, "ఈ పిల్లని పాము కరిచిందనుకోండి. ఏం చేస్తారు?" అని అడిగింది. ఒకడు తాడు అన్నాడు. ఒకడు బ్లేడు అన్నాడు. ఒకడు మిరపకాయ నమిలించాలన్నాడు. ఒక్కోటీ ఎందుకు తప్పో చెప్పింది. కాలు కదలకుండా కర్రతో కట్టడం, కాలి పట్టీలు తీసేయడం, నడిపించకుండా మోసుకుపోవడం, నేరుగా ఆస్పత్రికే పోవడం, అన్నీ చేయించి చూపించింది. పిల్లలు అంత శ్రద్ధగా విని చాలా నెలలైంది. పాఠం మొదలూ, మధ్యా, చివరా ఒకే రోజున రావడం వాళ్ళకి అప్పటికే వింతగా ఉంది.

"ఈ సంగతి బయట ఎక్కడా అనమాకండి" అంది చివర్లో. ఒక టీచరు పిల్లలతో అనాల్సిన మాటేనా అది అని ఇంటికి పోయేదాకా సిగ్గుపడింది.

పది రోజుల తర్వాత ఆమెను పుట సమన్వయ సమావేశానికి మండల కేంద్రానికి పిలిచారు. అక్కడ ఆమె పేజీ మూలల్లో అంకెలు కుడి వైపు ఉంటే మంచిదా, ఎడమ వైపు ఉంటే మంచిదా అనే చర్చ వింటూ ఉండగా, బళ్ళో మధ్యాహ్న భోజనం అయి, పోలేశ్వరి పళ్ళెం కడుక్కోవడానికి వంటషెడ్డు వెనక కుళాయి దగ్గరికి పోయింది. కట్టెల మోపు పక్కన అడుగు వేసింది. కెవ్వున అరిచింది.

రక్తపింజరి. వంటమనిషి చూసింది కూడా.

కోటిరెడ్డి మాస్టారు అందరికంటే ముందు పరుగెత్తాడు. సోమరే కానీ దుర్మార్గుడు కాదు. బావి దగ్గర చేంతాడు లాక్కొచ్చి, "పట్టుకోండిరా, మోకాలి కింద బిగిద్దాం! బ్లేడు తెండి!" అని కేకలేశాడు.

"కట్టొద్దు సార్!" అన్నారు తొమ్మిదో తరగతి పిల్లలు.

"తప్పుకోండిరా, పిల్ల చస్తా ఉంటే!"

"కడితేనే చస్తది సార్! కాలు కుళ్ళిద్ది!"

ఇద్దరు పిల్లలు ఆయన చేతిలో తాడు లాగేసుకున్నారు. ఒక పిల్ల పోలేశ్వరి కాలి పట్టీ ఊడదీసింది. ఇంకొకడు లెక్కల క్లాసులోకి దూరి, కోటిరెడ్డి మాస్టారి పెద్ద చెక్క స్కేలు తెచ్చాడు. దాన్ని కాలి పక్కన పెట్టి, చున్నీలతో వదులుగా చుట్టారు. "ఏడవమాక, కదలమాక, టీచరు చెప్పింది గుర్తుందిగా" అని ఆ పిల్లకే గుర్తు చేశారు. బెంచీ మీద పడుకోబెట్టి మోసుకుపోయి ఆటోలో ఎక్కించారు. కోటిరెడ్డి తన స్కేలుతో పాటు తనూ ఆటో ఎక్కాడు. పెద్దాస్పత్రిలో మందు ఎక్కించారు. రెండు రోజులు కటకటగా గడిచి, మూడో రోజుకి గండం గడిచింది. "సరిగ్గా తెచ్చారయ్యా. తాడు కట్టుంటే చెప్పలేకపోయేవాణ్ణి" అన్నాడు డాక్టరు.

పోలేశ్వరి తల్లి వకుళాదేవి రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. వకుళాదేవీ ఏడ్చింది. వేమయ్య గారు మాత్రం ఏడవలేదు. ఆయన అప్పటికే చమటలు తుడుచుకుంటున్నారు.

"టీచరమ్మా, పిల్ల బతికింది. బాగానే ఉంది. కానీ ఎట్టా బతికిందని పై నుంచి అడిగితే ఏం చెప్పాలి?"

అడిగారు. నాలుగో రోజునే విశ్వంభరం గారు విచారణకు వచ్చారు. బళ్ళో పాము ఎందుకుంది అనేది విచారణాంశం కాదు. కట్టెల మోపు అక్కడ ఎందుకుంది అనేదీ కాదు. నలభై ఎనిమిదో పుట జరుగుచున్న దినమున తొంభై ఆరవ పుటలోని జ్ఞానము తొమ్మిదవ తరగతిలో ఎట్లు సంచరించినది అనేది ఏకైక అంశం. పుస్తకాలు తెప్పించి పిన్నులు పరిశీలించారు. ఒక్క పిన్నూ కదల్లేదు. ఆయనకు అది మరీ అవమానం అనిపించింది.

ఆస్పత్రి నుంచి వచ్చి పక్షం రోజులైనా గడవకముందే పోలేశ్వరిని హెడ్మాస్టరు గదికి పిలిపించారు. కాలి వాపు ఇంకా పూర్తిగా తగ్గలేదు. తల్లి భుజం పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది.

"నిన్ను సర్పము కరచిన దినమున ఏ పుట?"

"నలభై ఎనిమిది సార్."

"పాముకాటు చికిత్స ఏ పుటలో కలదు?"

"తొంభై ఆరంట సార్."

"మరి నలభై ఎనిమిదవ పుట నాడు నీవు ఎట్లు బతికితివి?"

పోలేశ్వరి తల్లి వైపు చూసింది. హెడ్మాస్టరు వైపు చూసింది. ఆ ప్రశ్నకు జవాబు ఏ పేజీలోనూ చదివినట్టు ఆ పిల్లకు గుర్తు రాలేదు.

"తప్పయిపోయింది సార్" అంది.

వకుళాదేవి అప్పటిదాకా గోడవార నిలబడి ఉంది. ఉద్యోగం గురించీ, ఇంటి అద్దె గురించీ, డిగ్రీ చదివే కొడుకు గురించీ ఆలోచిస్తూ, ఏమీ తెలియదని చెబుదామనే అనుకుని వచ్చింది. ఆ పిల్ల అన్న మాట విన్నాక అవేవీ గుర్తుకు రాలేదు.

"నేను చెప్పాను సార్" అంది. "తలుపేసి చెప్పాను. పుస్తకం తెరవలేదు. పిల్లని అడగమాకండి, నన్నడగండి. మళ్ళీ అవకాశమొస్తే మళ్ళీ చెబుతా."

విశ్వంభరం గారు కలం మూసి, "తమరి నిజాయితీని అభినందించుచున్నాను. విద్యార్థిని సజీవముగా ఉండుటయే ఈ కేసులో ప్రధాన సాక్ష్యము. దానిని కాదనుటకు తమకు వీలుండెడిది కాదు" అన్నారు.

రెండు రోజుల తర్వాత పేపర్లో జిల్లా పేజీలో ఒక వార్త వచ్చింది. 'పుట సమైక్యతతో నిలిచిన ప్రాణం' అని పెద్ద అక్షరాలు. పోలేశ్వరి పక్కన విశ్వంభరం గారు బత్తాయిల సంచితో నవ్వుతూ ఉన్న బొమ్మ. కొత్త విధానం వల్ల విద్యార్థుల్లో క్రమశిక్షణ పెరిగి, పాముకాటు వేళ కంగారు పడకుండా ప్రవర్తించారని రాశారు. అదే రోజు టపాలో వకుళాదేవికి సస్పెన్షన్ ఉత్తర్వు వచ్చింది. జ్ఞానమును గడువునకు ముందు విడుదల చేసినందుకు.

ఇంట్లో ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. మూడో రోజు సాయంత్రం తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు ముగ్గురు వచ్చి వరండాలో నిలబడ్డారు.

"టీచర్, గుండె బొమ్మ సగమే వచ్చింది. మిగతా సగం రేపంట. రేపు పండగ సెలవు. ఏముంటది టీచర్ అందులో?"

ఆమె గుండె మొత్తం చెప్పింది. మర్నాడు పదిమంది వచ్చారు. వారంలో వరండా చాలక వాకిట్లో చాప పరిచింది. శఠగోపాచార్యులు గారు చూసిపోదామని వచ్చి, పిల్లలు అడిగితే అక్కడే కూర్చుని ఒక కథ మొదటి నుంచి చివరి దాకా చెప్పారు. చెప్పాక కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "అమ్మా, ఈ సస్పెన్షన్ అనేది ఎవరికి అర్జీ పెట్టుకుంటే ఇస్తారు?" అని నిజంగానే అడిగారు.

కబురు జిల్లా ఆఫీసుకు పోయింది. ఇంటి దగ్గర చెప్పడం నేరమని తేల్చడానికి విశ్వంభరం గారు తన ఉత్తర్వులన్నీ ముందేసుకుని చదివారు. పుట సమైక్యత విధుల్లో ఉన్న ఉపాధ్యాయులకే వర్తిస్తుంది. విధుల్లో లేనివాళ్ళకు పేజీ లేదు. అంటే జిల్లా మొత్తం మీద పాఠాన్ని మొదలుపెట్టి ముగించే అధికారం ఉన్న ఏకైక ఉపాధ్యాయిని వకుళాదేవి. ఆ అధికారం ఆమెకు ఇచ్చింది తన సంతకమే. ఆ పూట ఆయన భోజనం చేయలేదని చెప్పుకున్నారు.

తెల్లారేసరికి కొత్త ఉత్తర్వు బయలుదేరింది.

"శ్రీమతి వకుళాదేవి బయట ఉండి యథేచ్ఛగా బోధించుచున్నందున, ఆమెను బోధన నుండి నిరోధించు నిమిత్తము సస్పెన్షన్ రద్దు చేసి తక్షణమే తరగతి గదిలో నియమించడమైనది. ఇది క్రమశిక్షణా చర్యగా పరిగణింపబడవలెను."

వేమయ్య గారు దాన్ని కూడా నిలబడే చదివారు. చదివి, చాలాసేపటికి కూర్చున్నారు. "నా సర్వీసులో ఉద్యోగం ఇచ్చి శిక్షించడం ఇదే చూడటం టీచరమ్మా" అన్నారు.

ఆమె పక్కనే ఉండి చూడటానికి జిల్లా ఆఫీసు నుంచి ఒక పరిశీలకుణ్ణి కూడా పంపించారు. శేషశాయి అని, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. చేతిలో అట్టకు బిగించిన ఫారం ఉంది. ఆ రోజు పేజీలో ఉన్నదాన్ని ఆమె దాటితే ఎక్కడ దాటిందో రాయాలి.

ఆ రోజు అంకె ఎనభై రెండు. ప్రార్థన అయ్యాక పిల్లలు పిన్నులు విప్పి పేజీ తెరిచారు. తెరిచి తలలెత్తారు. ఎనభై ఒకటితో ఒక పాఠం అయిపోయింది. ఎనభై మూడుతో ఇంకోటి మొదలవుతుంది. ఎనభై రెండులో ఏమీ అచ్చు వేయలేదు. మూలన అంకె తప్ప పేజీ అంతా తెల్లగా ఉంది.

శేషశాయి రెండు మూడు పుస్తకాలు తీసి చూశాడు. బయటికి పోయి విశ్వంభరం గారికి ఫోన్ చేశాడు. తలుపు దగ్గర నిలబడే మాట్లాడాడు కాబట్టి ఆయన గొంతు క్లాసంతటికీ వినపడింది.

"ఖాళీ పుట కూడ పుటయే! దానిని వదలివేసినచో రేపు ప్రతి ఉపాధ్యాయుడును తనకు ఇష్టము లేని పుటను ఖాళీ అనును. నలభై ఐదు నిమిషములు ఆ పుటయే బోధింపబడవలెను. ఆ పుట పరిధిని దాటరాదు!"

శేషశాయి లోపలికి వచ్చి, "మీరే విన్నారుగా మేడమ్" అన్నాడు బెంగగా, వెనక బెంచీలో కూర్చుంటూ.

"విన్నాను బాబూ" అంది వకుళాదేవి. ఆ తెల్ల పేజీని కాసేపు చూసింది. దాని పరిధి ఎక్కడిదాకా ఉందో వెతికింది. ఎక్కడా కనిపించలేదు. చాలా వారాల తర్వాత ఆమె మొహంలో నవ్వు కదిలింది.

"పిల్లలూ, ఈ పేజీలో ఏముంది?"

"ఏం లేదు టీచర్!"

"ఏముంటే బాగుంటదో అడగండి."

అడగడం అలవాటు తప్పింది వాళ్ళకి. చివరికి ముందు బెంచీలో పోలేశ్వరి, బల్ల ఆసరాగా పట్టుకుని, మెల్లగా లేచి నిలబడింది.

"టీచర్, కరిచింది కాలి మీదనే గదా. మరి నాకు చిగుళ్ళలోంచి రక్తం ఎందుకొచ్చింది?"

ఆ పిల్ల వెనక ఒక చెయ్యి లేచింది. కిటికీ పక్కన ఇంకోటి లేచింది. చూస్తుండగానే గదంతా చేతులే అయ్యాయి. వెనక బెంచీలో శేషశాయి, దాటినది ఏమిటో రాయడానికి కలం పట్టుకుని ఫారం వైపు, తెల్ల పేజీ వైపు, మళ్ళీ ఫారం వైపు చూసి, కలం జేబులో పెట్టుకున్నాడు.

"రక్తం గడ్డ కట్టే గుణం ఒకటి ఉంటది" అంటూ వకుళాదేవి సుద్దముక్క అందుకుంది. "ముందు రక్తంలో ఏమేం ఉంటాయో చెబుతా. తర్వాత విషం దాన్నేం చేస్తదో చెబుతా. ఆ తర్వాత మందు ఎట్టా పనిచేస్తదో కూడా ఇయ్యాలే చెబుతా."